1968 అంబాసిడర్: పైకి పాతది, లోపల కొత్తది. ఎంతవరకు మార్చవచ్చు?

అరండల్‌పేట అంబాసిడర్:

అందరికీ నమస్కారం. మాది గుంటూరు. మా ఇంట్లో 1968 నాటి అంబాసిడర్ మార్క్-2 ఉంది. నాన్నగారు 1981లో ఒక పొగాకు వ్యాపారి దగ్గర కొన్నారు. నేను, అన్నయ్య దాని మీదే నడపడం నేర్చుకున్నాం. ఇంటి ప్రహరీ గోడ మీద ఆ సాక్ష్యం ఇప్పటికీ ఉంది. పదకొండేళ్ళుగా షెడ్డులో పడి ఉన్న బండిని ఈ మధ్యే బయటికి తీశాం. నాన్నగారికి డెబ్బై తొమ్మిదేళ్ళు. "ఒక్కసారి దాంట్లో బెజవాడ వెళ్ళి అమ్మవారిని చూసి రావాలిరా" అన్నారు. ఆయన ఒక్కసారి అన్నారంటే నెలకోసారి అని అర్థం.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక మేస్త్రీకి చూపించాను. ఆయన చెప్పిన పనులు ఇవి: పాత 1489 సీసీ ఇంజను తీసేసి, 1992 నుంచి అంబాసిడర్లలో వచ్చిన ఇసుజు 1817 సీసీ ఇంజను, దానితోపాటే ఐదు గేర్ల పెట్టె బిగించడం; ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు; ఏసీ; ఎల్ఈడీ హెడ్‌లైట్లు; రేడియో ముఖం అలాగే ఉంచి దాని వెనక ఫోనుతో కలిసే కొత్త పెట్టె. రంగు, బంపర్లు, గ్రిల్లు, చక్రాల కప్పులు దేన్నీ ముట్టుకోరు. "రోడ్డు మీద చూసేవాడికి 1968 బండి, లోపల కూర్చున్నవాడికి ఇవాళ్టి బండి" అన్నాడు. నాకు నచ్చింది. విజయవాడలో ఉండే అన్నయ్య మాత్రం, "అంత చేశాక అది నాన్న కారు ఎలా అవుతుంది? నాన్న కారు బొమ్మ అవుతుంది" అని ఫోను పెట్టేశాడు.

నాన్నగారిని అడిగితే, "హారన్ మాత్రం మార్చకండి" అన్నారు. అంతకు మించి ఆయనకు అభిప్రాయం లేదు.

ఎక్కడిదాకా మార్చవచ్చు? ఎక్కడ ఆగాలి? చేయించుకున్నవారు, చేసినవారు చెప్పండి.

మూలరూపం:

ముందుగా మీ అన్నయ్యగారికి నా నమస్కారాలు అందజేయండి.

పాత కారు అంటే పై రేకు కాదు. చలికాలం పొద్దున చోక్ లాగితే మూడో ప్రయత్నానికి గాని అందుకోని ఆ ఇంజను, స్టీరింగ్ పక్కన ఉండే గేరు రాడ్డు, రెండు నుంచి మూడుకు మార్చేటప్పుడు చేతికి తెలిసే ఆ చిన్న ఖాళీ, ఎడమ కాలితో తొక్కితే టక్కుమని పడే లైట్ల స్విచ్చి, ఇవన్నీ కలిస్తే అంబాసిడర్. మీ మేస్త్రీ చెప్పినట్టు చేస్తే మిగిలేది పగటివేషం. వేషగాడు ఎంత బాగా కట్టినా సాయంత్రానికి రంగు కడుక్కోవలసిందే.

అమ్మమ్మ కాసులపేరు కరిగించి కొత్త నమూనాలో హారం చేయించుకుని "ఇది అమ్మమ్మదే" అని చెప్పుకునేవాళ్ళు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. బంగారం అమ్మమ్మదే. నగ కాదు.

ఇంకొకటి. "పైకి ఏమీ మారదు" అన్న మాటే తప్పు. ఆ ఇసుజు పెట్టెకు గేరు రాడ్డు కింద నుంచి వస్తుంది. అంటే ఫ్లోరు కోయాలి. ముందున్న సోఫాలాంటి సీటు మధ్యలో పిల్లవాణ్ణి కూర్చోబెట్టుకునే చోటు పోతుంది. తలుపు తీసిన మరుక్షణం గుట్టు బయటపడుతుంది.

నా దగ్గర 1965 మార్క్-2 ఉంది. ఇరవై రెండేళ్ళుగా నడుపుతున్నాను. ఇన్నేళ్ళలో కొత్తవి వేసింది టైర్లు, బ్యాటరీ, బల్బులు. అంతే.

ఆటోనగర్ రెండో తరం:

మా షెడ్డు మా నాన్న పెట్టింది. నాకు రాయడం అంతగా రాదు, చూసింది చెబుతాను.

అందరూ పరుగు గురించే మాట్లాడుతున్నారు. ఆగడం గురించి ఎవరూ అడగలేదు.

ఆ కాలపు అంబాసిడర్‌కు, ఫియట్‌కు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. నాలుగింటికీ కలిపి ఒక్కటే గొట్టం దారి, పెడల్ తొక్కితే ఆ దారిలోకి నూనె నెట్టే మాస్టర్ సిలిండర్ కూడా ఒక్కటే. ఎక్కడో వెనక చక్రం దగ్గర రబ్బరు వాచర్ చిరిగి నూనె కారిందంటే నాలుగు చక్రాలకూ ఒకేసారి బ్రేకు పోతుంది. పెడల్ నేలకు తగులుతుంది. ఇక చేతి బ్రేకు, దేవుడు. కొత్త బండ్లలో సిలిండర్ లోపల రెండు గదులు ఉంటాయి. ఒక దారి కారిపోయినా రెండోది పట్టుకుంటుంది. ఆ రెండు గదుల సిలిండర్‌ను పాత బండికి అమర్చవచ్చు. పైనుంచి చూసేవాడికి కనపడనే కనపడదు.

డ్రమ్ములతో రెండో ఇబ్బంది వేడి. ఒకసారి పెళ్ళివారి బండి కోటప్పకొండ ఘాట్ రోడ్డు దిగుతుంటే పక్కన కూర్చున్నాను. డ్రైవరు గేరులో దించకుండా పెడల్ మీదే కాలు పెట్టుకుని దిగుతున్నాడు. నాలుగో మలుపులో కాలిన లైనర్ వాసన వచ్చింది, అంటే డ్రమ్ముకు రాసుకునే పట్టీ. పెడల్ రాయిలా గట్టిగా ఉంది, బండి మాత్రం ఆగడం లేదు. నూనె కారితే పెడల్ కిందికి పోతుంది, లైనర్ కాలితే పెడల్ గట్టిపడుతుంది, రెండూ వేరు. మొదటి గేరులోకి లాగి, గోడకు రాసుకుంటూ ఆపాం. డిస్కు గాలికి తెరుచుకుని ఉంటుంది కాబట్టి త్వరగా చల్లారుతుంది, నీళ్ళు పడినా విదిలిస్తుంది.

తర్వాతి కాలపు అంబాసిడర్లకు ముందు డిస్కులు కంపెనీయే ఇచ్చింది. ఆ సామాను దొరుకుతుంది, బోల్టులతోనే కూర్చుంటుంది. ఒక్క జాగ్రత్త. పాత మాస్టర్ సిలిండర్‌లో డ్రమ్ముల కోసం గొట్టంలో కొంచెం ఒత్తిడి నిలిపి ఉంచే వాల్వు ఉంటుంది. దాన్ని అలాగే ఉంచి డిస్కులు కలిపితే ప్యాడ్లు ఎప్పుడూ రాసుకుంటూనే ఉంటాయి. మంగళగిరి చేరేసరికి ముందు చక్రాల దగ్గర పొగ. డిస్కులు వేయించుకుని మూడు నెలలకే తిట్టుకునేవాళ్ళలో సగం మంది కథ ఇదే.

ఇంజను మార్చాలా వద్దా అన్నది మీ ఇంటి గొడవ. నేను దూరను.

ఆర్సీ పుస్తకం:

ఇంటి గొడవ కాదు, కాగితాల గొడవ. ఉద్యోగ జీవితమంతా ఈ కాగితాల మధ్యనే గడిచింది కాబట్టి చెబుతున్నాను.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకూ ఆర్సీలోని వివరాలకూ తేడా వచ్చేలా బండిని యజమాని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే ఖరారు చేసింది. మీ ఆర్సీలో ఇంజను నంబరు, సీసీ రాసి ఉంటాయి. 1489 స్థానంలో 1817 కూర్చోబెట్టాలంటే ముందు రిజిస్ట్రేషన్ అధికారి అనుమతి కావాలి. అనుమతి లేకుండా నడిపితే, రేపు ఏదైనా జరిగినప్పుడు బీమావాళ్ళు ముందు చూసేది ఆ నంబరే.

రెండోది, మీకు ఇంకా ఎవరూ చెప్పనిది. 2021 జూలైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి యాభై ఏళ్ళు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్పులకు లోనుకాకుండా మూలరూపంలో ఉంటే, రాష్ట్రం అక్షరాల పక్కన వీఏ అని ఉండే నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది. మీ బండికి వయసు సరిపోయింది. ఇసుజు ఇంజను పెట్టిన రోజున ఆ అర్హత పోతుంది.

అయితే మూలరూపంవారు సంబరపడవద్దు. వీఏ నంబరు తీసుకున్న బండిని రోజువారీ పనులకు రోడ్డెక్కించకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలు పోయించుకోవడానికి అయితే సరే. నెలనెలా అమ్మవారి దర్శనం ఈ జాబితాలో లేదు. నాన్నగారిని ఎక్కించుకుని తిరగాలంటే మామూలు రిజిస్ట్రేషన్‌నే పునరుద్ధరించుకోండి.

బ్రేకులు, వైర్లు, లైట్ల రిలేలు (బ్యాటరీ కరెంటును నేరుగా లైట్లకు పంపే స్విచ్చులు) ఆర్సీలో రాయరు. అయినా బండిని పరీక్షకు తీసుకువెళ్ళినప్పుడు ఏమేం మార్చారో దాచకుండా చెప్పండి. దాచినవాళ్ళే ఇరుక్కుంటారు.

సింగ్‌నగర్ ఫియట్:

మూలరూపం గారూ, కాసులపేరు తాడు నలిగి తెగేలా ఉంటే మీ ఇంట్లో ఏం చేస్తారండీ? కొత్త తాడు ఎక్కిస్తారు. కాసులు రాలిపోకుండా ఉండేందుకే తాడు. బ్రేకు గొట్టాన్ని నేను తాడు కిందే లెక్క వేస్తాను.

ఇంజను విషయంలో మాత్రం మీ పక్షమే. నాది 1986 ప్రీమియర్ పద్మిని, పుట్టింటి నుంచి నాతో వచ్చింది. 2024 సెప్టెంబరులో బుడమేరు వచ్చినప్పుడు మా వీధిలో నీళ్ళు డాష్‌బోర్డు దాకా వచ్చి రోజుల తరబడి కదలలేదు. నీళ్ళు తీశాక బానెట్ ఎత్తితే ఇంజను మీద బురద, అందులో ఎవరిదో పిల్లల చెప్పు. ఆయిలు చిక్కటి టీ రంగులో వచ్చింది. మూడుసార్లు ఆయిలు మార్చాం. ప్లగ్గులు విప్పి సిలిండర్లలో కాస్త ఆయిలు పోసి చేత్తో తిప్పించాం. డిస్ట్రిబ్యూటర్ మూత ఎండలో పెట్టి, పాయింట్లను ఉప్పుకాగితంతో రుద్దాను. ఇది నేనే చేశాను, నాన్న నేర్పిన పని. పెట్రోలు ట్యాంకు దించి కడిగించాం. కొత్త బ్యాటరీ పెట్టాం. పదో రోజున ఖళ్ళుమని దగ్గి అందుకుంది. మా ఎదురింటివారి రెండేళ్ళ కారు లోపలి కంప్యూటర్లన్నీ పోయి, బీమా కింద తుక్కుకు వెళ్ళింది.

అందుకని మీ మేస్త్రీ చెప్పిన పనులన్నీ ఒకే మూట కాదు. ప్రాణం కాపాడేవి వేరు, సుఖం కోసం పెట్టేవి వేరు.

ప్రాణం కాపాడేవాటిలో మీరు ఒకటి మరిచిపోయారు. సీటు బెల్టులు! మన దేశంలో కార్ల ముందు సీట్లకు అవి తప్పనిసరి అయింది 1994లో. మీ బండికి అసలు ఉండవు. బెల్టు తెచ్చి రేకుకు బోల్టు వేస్తే సరిపోదు, గుద్దుకున్నప్పుడు బోల్టు రేకును చింపుకుని వచ్చేస్తుంది. రేకు వెనక అరచేయంత మందపాటి ఇనుప పలక పెట్టి బిగించాలి. నాన్నగారు వెనక కూర్చుంటారు కదా, వెనక కూడా పెట్టించండి.

మూలరూపం:

బురద సంగతి చదివి మీకు దండం పెట్టానమ్మా. కానీ తాడు అన్నారు, తర్వాత బెల్టు అన్నారు, ఇప్పుడు రేకుకు రంధ్రాలు. ఒక్కొక్కటిగా వినడానికి అన్నీ న్యాయంగానే ఉంటాయి. పదేళ్ళ తర్వాత చూసుకుంటే నంబరు పలక ఒక్కటే పాతది. డ్రమ్ము బ్రేకుల బండిని ఎనభైలో తోలడం మానేసి నలభైలో తోలితే డిస్కులు అక్కరలేదు. నేను ముందున్న బండికి రెట్టింపు దూరంలో వెళ్తాను. బండికి తగ్గట్టు మనిషి మారాలి, మనిషికి తగ్గట్టు బండి కాదు.

ఆటోనగర్ రెండో తరం:

ఆరు వరుసల జాతీయ రహదారి మీద మీరు రెట్టింపు దూరం వదిలితే, ఆ ఖాళీలోకి ఇంకో బండి వచ్చి దూరుతుంది. దానికి ఏబీఎస్ ఉంటుంది. అది టక్కున ఆగుతుంది. మీరు ఆగరు.

తీగల మేస్త్రీ:

ఏసీ, లైట్లు, సంగీతం అంటున్నారు. కరెంటు ఎక్కడ నుంచి వస్తుంది?

లెక్క చూడండి. ఆ బండి డైనమో పూర్తి వేగంలో ఇచ్చేది 22 ఆంపియర్ల చుట్టుపక్కల. సిగ్నల్ దగ్గర ఆగితే దాదాపు సున్నా. మామూలు 60 వాట్ల హాలోజన్లు రెండు పెడితేనే 10 ఆంపియర్లు. ఏసీ బ్లోయర్‌కు, రేడియేటర్ ముందు పెట్టే ఫ్యానుకు కలిపి 20 వేసుకోండి. బెంజ్ సర్కిల్‌లో రెండు సిగ్నళ్ళు పడేసరికి బ్యాటరీ ఖాళీ. కాబట్టి డైనమో బదులు, బండి నిలబడి ఉన్నప్పుడూ కరెంటు ఇచ్చే ఆల్టర్నేటర్ లేకుండా మిగతా జాబితా ఎత్తకండి. పాత బ్రాకెట్టు మీదే కూర్చునేలా అమర్చవచ్చు, డైనమో భద్రంగా దాచుకోవచ్చు.

అది బిగించే ముందు బ్యాటరీ ఏ తీగ బాడీకి కలిపి ఉందో చూడండి. ఇంగ్లండు నమూనాలో వచ్చిన ఆ కాలపు బండ్లలో పాజిటివ్‌ను బాడీకి కలిపినవి ఉన్నాయి. చూసుకోకుండా ఆల్టర్నేటర్ కలిపితే అందులోని డయోడ్లు ఒక్క క్షణంలో కాలిపోతాయి. ఫోను ఛార్జరుదీ అదే గతి.

అన్నిటికంటే ముందు వైరింగు. ఆ బండి మొత్తానికి రెండే ఫ్యూజులు, హెడ్‌లైట్ల దారిలో అసలు ఫ్యూజే ఉండదు. గుడ్డ చుట్టిన పాత వైర్లు అరిగి ఎక్కడో రేకుకు తగిలితే ఆపేదేమీ లేదు. పాత రంగు గుడ్డ తొడుగులోనే కొత్త వైర్లు వేయించి, సీటు కింద ఫ్యూజు పెట్టె, లైట్లకు రిలేలు పెట్టించండి. ఎల్ఈడీ వద్దు. ఏడంగుళాల గుండ్రని లైటు గిన్నెలో చవక ఎల్ఈడీ పెడితే వెలుగు రోడ్డు మీద పడదు, ఎదుటివాడి కళ్ళలో పడుతుంది. రిలేతో హాలోజన్ చాలు. ఇన్నాళ్ళూ సన్నటి వైర్లలో సగం కరెంటు పోయిందని వెలిగించాక మీకే తెలుస్తుంది.

కొత్త ఛార్జి:

అసలు పెట్రోలు ఇంజను ఎందుకండీ? మోటారు, బ్యాటరీ పెట్టించేయండి. చప్పుడు లేదు, వేడి లేదు, ఏసీ హాయిగా నడుస్తుంది. 2018 మేలో బ్రిటన్ యువరాజు పెళ్ళిలో వధూవరులు వెళ్ళింది బ్యాటరీతో నడిచేలా మార్చిన జాగ్వార్ ఈ-టైప్‌లో. అదీ 1968 మోడలే! పైనుంచి చూస్తే ఎవరూ పోల్చలేరు. ఆమోదం పొందిన కిట్లతో మార్చుకోవడానికి మన చట్టంలో దారి ఉంది.

మూలరూపం:

ఆ యువరాజుకు గరాజులో ఇంకో పది కార్లు ఉంటాయి. ఈయనకు ఉన్నది ఒక్కటి. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా 2019లోనే చెప్పింది, అలా మార్చిన బండిని చారిత్రక వాహనంగా లెక్కించలేమని. చప్పుడు లేని అంబాసిడర్ అంటే పోపు పెట్టని పప్పుచారు. తినేవాళ్ళు ఉంటారు, కాదనను.

కొత్త ఛార్జి:

ఫీవా మాట సగమే చెప్పారు. మార్చదలచుకుంటే తిరిగి యథాస్థితికి తెచ్చేలా మార్చమని, తీసిన ప్రతి భాగానికీ గుర్తు వేసి దాచమని కూడా అదే ప్రకటనలో ఉంది. మ్యూజియంలో కూర్చుని మాట్లాడేవారికి పెట్రోలు పొగ కూడా పరిమళమే అనుకుంటాను.

నిర్వాహకుడు:

పప్పుచారు దాకా సరే. మనుషుల జోలికి వెళ్ళకండి.

అరండల్‌పేట అంబాసిడర్:

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. ఇంజను మార్చే ఆలోచన దాదాపు మానుకున్నాను. ఏసీ విషయమే తెగడం లేదు. మే నెలలో మన ఊళ్ళ సంగతి మీకు తెలియనిది కాదు. మొన్న పరీక్షకని మధ్యాహ్నం రెండింటికి బయలుదేరి కాజ టోల్ దగ్గర ఆగిపోయాం. ఇంజను బాగానే తిరుగుతోంది, పెట్రోలు మాత్రం అందడం లేదు. పంపులో పెట్రోలు వేడికి ఆవిరైపోయిందట. వెనక వరుస అంతా హారన్లు కొడుతుంటే, నాన్నగారు తొణకకుండా దిగి, భుజం మీది తువ్వాలును సీసాలోని నీళ్ళతో తడిపి పంపు చుట్టూ చుట్టారు. పది నిమిషాలు చేతులు కట్టుకుని నిలబడ్డారు. "ఇప్పుడు కొట్టు" అన్నారు. అందుకుంది. ఆ పది నిమిషాలూ ఆయన ముఖంలో ఉన్న వెలుగు ఎప్పుడు చూశానో గుర్తు లేదు. కానీ తిరిగి ఇల్లు చేరాక రెండు రోజులు మంచం మీదే ఉన్నారు. ఎండదెబ్బ.

ఇప్పుడు చెప్పండి, ఏసీ సుఖమా, ప్రాణమా?

సింగ్‌నగర్ ఫియట్:

డెబ్బై తొమ్మిదేళ్ళవారికి మే నెలలో అది ప్రాణమే. నా మాట నేనే సవరించుకుంటున్నాను.

ఆటోనగర్ రెండో తరం:

మీ ఇంజను కొత్తగా ఉన్నప్పుడే సుమారు యాభై హార్స్‌పవర్. ఏసీ కంప్రెసర్ అందులో నాలుగైదు తినేస్తుంది. పైగా ఏసీ వేడిని వదిలే జాలీ (కండెన్సర్) రేడియేటర్‌కు అడ్డంగా నిలబడి వేడిగాలి పంపుతుంది. మే నెలలో వారధి మీద ట్రాఫిక్‌లో ఆగారంటే ముందు మరిగేది రేడియేటరే. పెద్ద రేడియేటర్, కరెంటు ఫ్యాను, వెడల్పు పుల్లీ, ఒకదాని వెనక ఒకటి వస్తాయి. చివరికి "ఇంజను చాలడం లేదు, ఇసుజు పెడదాం" అంటారు. మీ మేస్త్రీ ఇంజనుతో మొదలుపెట్టింది అందుకే. ఆయన తెలివితక్కువవాడేమీ కాదు. ఏసీ కావాలంటే ఆయన చెప్పిందే వరుస.

నా షెడ్డులో నేను పెట్టుకున్న గీత చెబుతాను. పానాతో బిగించి పానాతో విప్పగలిగింది ఏదైనా చేస్తాను. కట్టర్ పడిందంటే ఒప్పుకోను. ఫ్లోరు కోస్తే అది తిరిగి రాదు. బెల్టుల రంధ్రాలు నాలుగు బోల్టులంత, కావాలంటే పూడ్చవచ్చు.

మూలరూపం:

మొదటిసారి ఒక మేస్త్రీ నోట కోయను అన్న మాట విన్నాను. ముందు తలుపులకు రెండు వైపులా ఉన్న త్రికోణపు అద్దాలు వాడుతున్నారా? ఆ చిన్న అద్దాన్ని పూర్తిగా వెనక్కి తిప్పితే గాలి నేరుగా ఛాతీకి కొడుతుంది. ఏసీ లేని రోజుల్లో ఏసీ అదే. పొద్దున ఐదింటికి బయలుదేరి తొమ్మిదికల్లా ఇంటికి చేరండి, మే నెలలో అసలు తీయకండి. అమ్మవారు కార్తికంలోనూ అక్కడే ఉంటారు.

తీగల మేస్త్రీ:

మూలరూపం గారూ, చిన్న సందేహం. మీ 1965 బండిలో పోసేది ఏ పెట్రోలు?

మూలరూపం:

బంకులో పోసేదే. ఎందుకు?

తీగల మేస్త్రీ:

అది 1965 పెట్రోలు కాదు కదా. అప్పటి పెట్రోలులో సీసం ఉండేది, వాల్వులు కూర్చునే చోటు అరగకుండా కాపాడేది. 2000 నుంచి దేశమంతటా సీసం లేనిదే. ఇప్పుడు ఇరవై శాతం ఇథనాల్ కూడా కలుస్తోంది. అది మీ బండి నాటి రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది, నిలవ ఉంటే తేమ పీల్చి ట్యాంకుకు తుప్పు పట్టిస్తుంది. మీ గొట్టాలు కూడా 1965వేనా?

మూలరూపం:

గొట్టాలు మార్చాను. పంపు డయాఫ్రమ్ కూడా మార్చాను. హెడ్డు విప్పినప్పుడు గట్టి వాల్వు సీట్లు వేయించాను. అది నిర్వహణ. మార్పు కాదు.

సింగ్‌నగర్ ఫియట్:

టైర్లు, బ్యాటరీ, బల్బులు, "అంతే" అన్నారండీ పైన.

మూలరూపం:

బయటికి కనపడనివి లెక్కలోకి తీసుకోలేదు.

ఆర్సీ పుస్తకం:

ఇది అచ్చంగా అరండల్‌పేటవారి మేస్త్రీ మాట.

అరండల్‌పేట అంబాసిడర్:

రెండు నెలలు కనపడనందుకు క్షమించండి. పని పూర్తయింది. చివరికి ఏం చేయించామో చెబుతాను.

ఇంజను అదే 1489. పూర్తిగా విప్పి కట్టారు, గట్టి వాల్వు సీట్లు పడ్డాయి. గేరు రాడ్డు స్టీరింగ్ పక్కనే ఉంది. రెండు గదుల మాస్టర్ సిలిండర్, ముందు డిస్కులు పెట్టాం, ఒత్తిడి నిలిపే ఆ వాల్వు గురించి నేను అడిగితే మేస్త్రీ నన్ను ఎగాదిగా చూసి, "ఎవరు చెప్పారు మీకు?" అన్నాడు. ఇథనాల్‌ను తట్టుకునే గొట్టాలు, కొత్త వైరింగు, ఆల్టర్నేటర్, హాలోజన్లు, ముందూ వెనకా బెల్టులు. పెట్రోలు పంపుకూ ఇంజనుకూ మధ్య వేడి తగలకుండా ఒక పలక. ఏసీ పెట్టలేదు. అది నా ఓటమే, ఇంకా మనసు ఒప్పుకోలేదు. వెనక సీటు దగ్గర చిన్న ఫ్యాను పెట్టాం. ఎండాకాలం బండి తీయనని నాన్నగారి చేత ఒట్టు వేయించుకున్నాం. ఆ ఒట్టు ఎన్నాళ్ళు నిలుస్తుందో చూడాలి.

మొన్న ఆదివారం తెల్లవారుజామున నాన్నగారు, అన్నయ్య, నేను వెళ్ళి దర్శనం చేసుకుని వచ్చాం. తాడేపల్లి దగ్గర ఒక కుక్క అడ్డం వచ్చింది. అన్నయ్య బ్రేకు కొట్టాడు. బండి తిన్నగా, పక్కకు లాగకుండా ఆగింది. అన్నయ్య ఏమీ అనలేదు. అనకపోవడమే చాలు.

గొడవ హారన్ దగ్గర వచ్చింది. వారధి మీద ఒకసారి కొట్టగానే నాన్నగారు వెనక నుంచి, "హారన్ మార్చారు" అన్నారు. లేదు నాన్నా, అదే హారన్, విప్పనైనా విప్పలేదు అంటే నమ్మరు. "నాకు తెలియదా దాని గొంతు?" అంటారు. తీగల మేస్త్రీ గారూ, ఇది ఎలా జరిగింది?

తీగల మేస్త్రీ:

అది ఇన్నాళ్ళూ సగం కరెంటుతో మోగింది. ఇప్పుడు ఆల్టర్నేటర్ నుంచి పధ్నాలుగు వోల్టులు నేరుగా అందుతున్నాయి. 1968లో ఎలా మోగిందో ఇప్పుడు అలా మోగుతోంది. మీ నాన్నగారు కొన్నది 1981లో కదా, అప్పటికే గొంతు తగ్గి ఉంటుంది. ఆయనకు ఆ తగ్గిన గొంతే తెలుసు.

అరండల్‌పేట అంబాసిడర్:

అంటే అసలు మూలరూపం ఇదా? ఆయనకు ఎలా చెప్పేది?

తీగల మేస్త్రీ:

చెప్పకండి. హారన్ వైరుకు మధ్యలో చిన్న రెసిస్టర్ పెడతాను. పాత గొంతు వస్తుంది. పానాతో విప్పవచ్చు.

మూలరూపం:

మీరు తీసేసిన డైనమో ఏం చేశారు? నా బండిదానికి ఆర్మేచర్ పోయింది, ఆటోనగర్ అంతా తిరిగినా దొరకలేదు. అమ్ముతారా? ధర మీరే చెప్పండి.

అరండల్‌పేట అంబాసిడర్:

అమ్మనండీ. డైనమో, పాత డ్రమ్ములు, ఒంటి గది సిలిండర్, అన్నిటికీ చీటీలు కట్టి గోతంలో వేసి అటక మీద పెట్టాం. చీటీలు అన్నయ్యే రాశాడు.